బాణామతి బిస్కెట్లు

ప్రేమికుల రోజున భార్యకు కానుక ఇచ్చి తిట్లు తిన్న మగవాళ్ళు లోకంలో కోకొల్లలు. ఆ కానుక చుట్టూ బూడిదతో గీత గీయించి, దాని మీద పసుపు నీళ్ళు చల్లించి, ఒక భవనంలోని తల్లులంతా పిల్లల్ని చంకనేసుకుని పై అంతస్తుకు పరిగెత్తేలా చేసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. ఇంకెవరైనా ఉంటే దయచేసి నన్ను కలవకండి. ఇద్దరం ఒకచోట చేరితే సూరత్ తట్టుకోలేదు.

ముందు నా తప్పు చెప్పుకోవాలి.

అప్పటికి మాకు పెళ్ళయి ఏడాది నిండలేదు. అమ్రోలిలో ఒక గదిలో కాపురం. నా పేరు నరేష్, సాంచాల మీద పనిచేసేవాణ్ణి. సాంచా అంటే మరమగ్గం. మావాళ్ళు ఊరు విడిచి సూరత్ వచ్చింది దాన్ని నమ్ముకునే. నా భార్య లావణ్య ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగులో మాట మొదలుపెట్టి, హిందీలో కోప్పడి, గుజరాతీలో తలుపు వేసుకుంటుంది. చీరలకు రాళ్ళు అంటించి దాచుకున్న డబ్బుతో ఆమె ఒక చిన్న ఓవెన్ కొనుక్కుంది. ప్రేమికుల రోజుకు చక్కెర బిస్కెట్లు చేసి, పైన రంగుల చక్కెర పూతతో బొమ్మలు వేసి అమ్మాలని ఆమె ఆశ. మొదటి వాయి కొంచెం గట్టిపడింది. కొంచెమే.

నేనేం చేశాను? సాంచా దోస్తులను ఇంటికి తీసుకొచ్చి, ఆమె ఎదుటే ఒక బిస్కెట్టు పైకెత్తి చూపించాను. "వీటిని వరాఛా పంపుదాం రా! వజ్రాలు కోసే మిషన్ మీద పెడితేనే తెగుతయ్!" అన్నాను. దోస్తులు పగలబడి నవ్వారు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. లావణ్య నవ్వలేదు. సాయంత్రానికల్లా ఓవెన్ చంకలో పెట్టుకుని పర్వత్ పాటియాలో ఉన్న తల్లిగారింటికి వెళ్ళిపోయింది.

వెళ్తూ ఒక్క మాట అంది. "నేను గరం అయితే నువ్వు మనాయించొచ్చు. గిప్పుడు గరం గూడ అయితలే. గదే సోంచాయించుకో."

కోపం కూడా రావడం లేదన్న ఆ మాట నన్ను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. ఫోన్ చేస్తే ఎత్తదు. వెళ్ళి తలుపు కొట్టాలంటే కాళ్ళు రావు. తప్పయిందని చెప్పడానికి నోరు రాని మగవాడికి ఎప్పుడూ ఒక తెలివైన ఉపాయం తడుతుంది. నాకూ తట్టింది. ఆమె బిస్కెట్లను వెక్కిరించాను కనుక నేనే బిస్కెట్లు చేసి, ప్రేమికుల రోజు పొద్దున ఆమె గుమ్మంలో పెడితే? చూసి కరిగిపోదూ?

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించండి. ఓవెన్ ఆమె వెంట పోయింది. నా దగ్గర ఉన్నది ఒక కుక్కరు, ఒక ఫోను, అంతులేని ధైర్యం.

కుక్కర్లో అడుగున ఉప్పు పోసి, దాని మీద పళ్ళెం పెట్టి కాల్చవచ్చని ఫోన్లో ఒకావిడ చెప్పింది. ఆవిడ నవ్వుతూ చెప్పింది కాబట్టి సులువే అనుకున్నాను. మైదా, చక్కెర పొడి, వెన్న కలపాలట. వెన్న గట్టిగా ఉంటే కలవడం లేదని కాచి పోశాను. గుండె ఆకారంలో కోద్దామంటే ప్రతి గుండే తమలపాకులా వచ్చింది. సరే, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి బొమ్మలు కోద్దామనుకున్నాను. నేనూ, ఆమె. చీరల పెట్టె అట్టను మనిషి ఆకారంలో కత్తిరించి, దాన్ని పిండి మీద పెట్టి కత్తితో కోశాను.

కుక్కరు మూత తీసి చూస్తే మనుషులు మారిపోయి ఉన్నారు. తలలు పొట్టల్లోకి జారాయి. చేతులు కాళ్ళ దాకా సాగాయి. అంచులు బొగ్గయ్యాయి. అబ్బాయి మెడ విరిగితే, నెత్తి నుంచి ఛాతీ దాకా పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటి దించి నిలబెట్టాను. అమ్మాయి ఛాతీ మీద ఎర్ర కాగితం గుండె ఒకటి పుల్లతో గుచ్చాను. ఆ కాగితం తర్వాత దారిలో ఎక్కడో ఊడిపోయింది, పుల్ల మాత్రం నమ్మకంగా ఉండిపోయింది. కళ్ళకు మిరియాలు అద్దాను. చొక్కా గుండీలకు లవంగాలు గుచ్చాను. ఎర్ర రంగు చక్కెర పూతతో నోరు గీస్తే, పూత పలచనై చెవుల దాకా కారింది. అమ్మాయి పొట్ట మీద 'లావణ్య' అని రాశాను. అదీ కారింది, 'లా' ఒక్కటే మిగిలింది.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను ప్రేమికులను చేయబోతే ప్రేతాలయ్యాయి. కానీ తాను కాల్చిన బిస్కెట్టు తనకు ముద్దు. నా కంటికి అవి ముచ్చటగానే కనిపించాయి. డబ్బా లేదు కనుక కొత్త ఎర్ర జాకెట్టు ముక్కలో పెట్టి, ఎర్ర పోగుతో మూట కట్టాను.

తెలుగు పాఠకులు ఈపాటికి కుర్చీలోంచి లేచి ఉంటారు. మనిషి ఆకారపు పిండి బొమ్మ, గుండెలో పుల్ల, లవంగాలు, ఎర్ర గుడ్డ మూట! మా వైపు ఊళ్ళలో ఇలాంటిది దారిలో కనబడితే ఎద్దులను కూడా పక్క దారిన తోలుకుపోతారు. మరి నాకు తట్టలేదా అంటే, తట్టలేదు. పైగా ఆ ఏడు ప్రేమికుల రోజు మర్నాడే అమావాస్య. అదీ తట్టలేదు. ప్రేమ గుడ్డిదంటారు గానీ, గుడ్డివాడికి కనీసం తడుముకోవడం తెలుసు.

తెల్లవారుజామున రాత్రి షిఫ్టు దిగి అటే పర్వత్ పాటియా వెళ్ళాను. నేను వాళ్ళ గల్లీలో అడుగుపెట్టగానే కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మాకు ఆ చప్పుడు ఊపిరి లాంటిది. అది ఉంటే వినపడదు, ఆగితే ఒళ్ళు జలదరిస్తుంది. తాపీ నది వైపు నుంచి వచ్చిన పొగమంచు మెట్ల దాకా వచ్చి నిలబడింది. గోడ తడుముకుంటూ ఎక్కుతుంటే, నా చెప్పుల చప్పుడు వెనక ఇంకొక జత చెప్పుల చప్పుడు వినిపించింది. ఆగితే అదీ ఆగింది. నడిస్తే అదీ నడిచింది. అది మెట్ల గోడల్లో మోగే నా చప్పుడేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం అత్తగారి గుమ్మంలో మూట పడేసి, దిగీ దిగకుండా దూకాను. కింది గదిలో ఎవరో దగ్గారు. తలుపు కొద్దిగా తెరిచి ఉంది. లోపల చీకట్లో రెండు కళ్ళు మెరిసినట్టనిపించింది. వెనక్కి చూడకుండా పారిపోయాను.

ఇంటికి చేరి స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని, ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ మోగింది. అత్తమ్మ! నా బిస్కెట్లు పనిచేశాయనుకున్నాను. పనిచేశాయి.

"అల్లుడా, ఉన్నోనివి ఉన్నట్టు రా బిడ్డా!" అని ఏడుస్తోంది అత్తమ్మ. "మా ఇంటి మీద ఎవలో బాణామతి చేసిండ్రు. నా బిడ్డ పేరు మీద బొమ్మను చేసి గుండెల పుల్ల గుచ్చిండ్రు!"

నా చేతిలో ఫోన్ చల్లబడింది. అప్పటికి గానీ ఆ బొమ్మలు నాకు అత్తమ్మ కళ్ళతో కనిపించలేదు. కనిపించాక, ఒట్టు, నాకే భయమేసింది.

నేను వెళ్ళేసరికి మెట్ల నిండా జనం. కరెంటు ఇంకా రాలేదు. సాంచాలు మూగగా ఉన్నాయి. గుమ్మంలో నా మూట విప్పి ఉంది. చుట్టూ బూడిద గీత, పైన చల్లిన పసుపు నీళ్ళు. మసక వెలుతురులో ఆ రెండు బొమ్మలు మిరియాల కళ్ళతో నన్నే చూస్తున్నాయి. పూత ఇంకా కారుతూ గచ్చు మీదికి ఎర్రగా చేరింది. లావణ్య తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు. నన్ను చూసి కళ్ళు దించుకుంది.

పక్కింటి జశుబెన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అరే బాప్ రే! ఆ తో మేలీ విద్యా ఛే!" అంది. చెడ్డ మంత్రమని ఆమె భావం. భాష ఏదైనా భయం ఒకటే.

ముందు వరుసలో పోశయ్య తాత ఉన్నాడు. సాంచా పని మానేశాక ఆ భవనంలో దిష్టి తీయడం, వేపమండ కొట్టడం ఆయనే. వంగి చూసి, "ఎవలూ చెయ్యి పెట్టకుండ్రి," అన్నాడు. "పొద్దుగాల కుక్క అచ్చింది. వాసన చూసి, తోక ముడుచుకొని ఉరికింది. కుక్క గూడ ముట్టలేదంటే ఎంత ఘనమైన మంత్రమో సోంచాయించుండ్రి."

నా గుండె కలుక్కుమంది. కొంచెం మాడినమాట నిజమే, కానీ మరీ కుక్క కూడానా!

"ముడి చూడుండ్రి," అన్నాడు తాత మళ్ళీ. "గిది బజార్ల ముడి కాదు. తెగిన పోగు అతికే ముడి. చేసినోడు మన సాంచ మనిషే."

జనమంతా ఒకరినొకరు చూసుకుని కాస్త దూరం జరిగారు. నేనూ జరిగాను. ఎవరి నుంచో నాకే తెలియదు.

అత్తమ్మ చీపురు పుల్లతో అమ్మాయి బొమ్మను తిరగేసింది. అడుగున తెల్లగా ఉప్పు గల్లులు మెరిశాయి. దాంతోపాటు బొమ్మ మెడ చుట్టూ చుట్టుకుని ఒక పొడుగాటి వెంట్రుక వేలాడింది.

"అది నా ఎంటికే," అంది లావణ్య.

ఉప్పు కుక్కర్లోది. మరి వెంట్రుక? అది నేను పెట్టలేదు! ఆమె ఇల్లు వదిలి ఎన్నాళ్ళో అయింది. నేను చేసిన బొమ్మలోకి నేను పెట్టనిది ఎలా వచ్చింది? ఒక్క క్షణం, నిజంగా, నా చేతులతో నాకు తెలియకుండా ఇంకెవరో ఈ పని చేయించారా అనిపించింది. ఆమె దువ్వెన మా పిండి డబ్బా పక్కనే పడి ఉండేదని నాకు గుర్తొచ్చింది చాలా ఆలస్యంగా.

"ఉప్పు!" అని అత్తమ్మ అరిచింది. "నిన్న దీపం ముట్టిచ్చినంక ఎల్లవ్వ అచ్చి ఉప్పడిగింది. దీపాలు పెట్టినంక ఉప్పు ఇయ్యద్దని నేను ఇయ్యలే. గా కడుపుమంటతోని చేసింది!"

ఎల్లవ్వ కింది గదిలో ఒంటరిగా ఉండే ముసలామె. సాంచాలకు నూలు కండెలు చుట్టి బతికేది. మొగుడు లేడు, పిల్లలు లేరు, అడ్డుపడేవాళ్ళు లేరు. ఇద్దరు మనుషులు దిగి వెళ్ళి ఆమెను పైకి తీసుకొచ్చారు. చెయ్యి పట్టుకోలేదు, పట్టుకోవడానికి భయపడి, ముందు ఒకరు, వెనక ఒకరు నడిచారు. అదే ఎక్కువ భయంగా ఉంది.

"చెప్పు, నువ్వేనా?" అన్నాడు పోశయ్య తాత.

ఎల్లవ్వ బొమ్మలను చూసింది. జనాన్ని చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి నా మీద కళ్ళు నిలిపింది. తెల్లవారుజామున చీకట్లో మెరిసిన కళ్ళు అవే.

"నేను కాదు," అంది. "చేసినోణ్ణి చూసిన. గిక్కడనే ఉన్నడు. మీకు అగుపడ్తలేడా?"

మెట్ల మీద ఎవరో కెవ్వుమన్నారు. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని పైకి పరిగెత్తారు. మిగిలినవాళ్ళు తమ వెనక చూసుకున్నారు.

"ఎవలే? పేరు చెప్పు!"

"నేను చెప్ప. ఆయన నోటితోనే రావాలె," అంది ఎల్లవ్వ నా మీద నుంచి చూపు తిప్పకుండానే.

దొంగకు తేలు కుడితే అరవలేడంటారు. నా మీద తేళ్ళ పుట్టే కూలింది. నోరు విప్పితే లావణ్య ఇక జన్మలో తిరిగి రాదు. తల్లికి గుండెదడ తెప్పించిన మొగుడి దగ్గరకు ఎవరొస్తారు? విప్పకపోతే ఈ ముసలామెను ఏం చేస్తారో! అయినా నేను వెంటనే చెప్పలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఎవరో ఎల్లవ్వ భుజం మీద చెయ్యి వేసి కుదిపారు. ఆమె తూలి గోడ పట్టుకుంది. అప్పుడు నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అయి బిస్కెట్లు అత్తమ్మా! నేనే చేసిన! లావణ్యకు చేసి తెచ్చిన!"

అత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఎంత మంచి మనసు బిడ్డా నీది! ముసల్దాన్ని కాపాడుదామని మీదేసుకుంటున్నవ్."

"కాదత్తమ్మా, నిజంగ నేనే!"

"గిట్లుంటయా బిస్కెట్లు?" అన్నాడు పోశయ్య తాత జాలిగా.

నాకు ఇక వేరే దారి లేదు. బూడిద గీత దాటి, అబ్బాయి బొమ్మను తీసి, పుల్ల పీకి, తల కొరికాను. జనం "హా!" అన్నారు. నమిలాను. ముందు ఉప్పు తగిలింది. తర్వాత బొగ్గు. తర్వాత లవంగం. ఆ తర్వాత ఒక మిరియపు కన్ను తిన్నగా వెళ్ళి గొంతులో అడ్డం పడింది. ఊపిరి ఆగింది. కళ్ళు ఎర్రబడ్డాయి. పెదాల వెంట ఎర్ర పూత కారుతుంటే, గొంతు పట్టుకుని గుర్రుమంటూ గుండ్రంగా తిరిగాను.

"పట్టింది! పట్టింది!" అని అరుస్తూ తాత వేపమండ అందుకున్నాడు. వీపు మీద ఒకటి పడింది. "ఎవలు నువ్వు? చెప్పు!"

"న... న... నరేష్!"

"పేరు చెప్తుంది! మంచిది. ఎందుకచ్చినవ్?" ఇంకొకటి పడింది.

"లావణ్యను... తీస్కపోదామని!"

జనం గోల పెట్టారు. జశుబెన్ తలుపు వేసి గొళ్ళెం పెట్టుకుంది. అత్తమ్మ నేల మీద కూలబడింది.

"ఏమిస్తే పోతవ్?" అని తాత గర్జించాడు.

"నీళ్ళు!"

లావణ్య ఒక్కతే కదిలింది. లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. నేను తాగుతుంటే వంగి, తన పేరున్న బొమ్మను చేతిలోకి తీసుకుంది. "అది ముట్టకే, నీ పేరున్నదే!" అని తల్లి అరుస్తూనే ఉంది. లావణ్య బొమ్మ మెడ నుంచి తన వెంట్రుకను లాగి పారేసింది. పుల్ల పీకింది. అమ్మాయి తలను ఫట్టున కొరికింది.

ఆమె నములుతోంది. కళ్ళు మూసుకుని, నిదానంగా నములుతోంది. నా బతుకంతా ఆ దవడల మధ్య ఉంది.

"ఎన్న కాగబెట్టి పోసినవా?" అని అడిగింది.

"అవును."

"ఎన్న చల్లగ ఉండాలె. అందుకే మనుషులు గిట్ల పారిండ్రు. కుక్కర్ల ఉప్పు మీద పల్లెం పెట్టంగ ఉప్పు ఎగిరింది. పూతల నీళ్ళు జ్యాదా అయినయి." మిగిలిన ముక్కను గీతలో పెట్టి చేతులు దులుపుకుంది. "అమ్మా, ఏడువకు. ఇది మంత్రం కాదు. ఇంత చెడగొట్టుడు దయ్యాలతోని కాదు, మా ఆయనతోనే అయితది."

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. గల్లీ అంతటా సాంచాలు ఒక్కసారి దడదడమన్నాయి. పోశయ్య తాత ఎగిరిపడి తన వేపమండతో తననే కొట్టుకున్నాడు. మొదట నవ్వింది ఎవరో తెలియదు గానీ, ఆ నవ్వు మెట్ల వెంట పై అంతస్తు దాకా పాకింది. లావణ్య కూడా నవ్వింది. నవ్వుతూనే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా బిస్కెట్లను నలుగురిల నవ్వులపాలు చేసినవ్. గిప్పుడు నలుగురిల నువ్వే తిన్నవ్. చాలు," అంది. ఆ వెంటనే నవ్వు మానేసింది. "ఇంటికి వస్త. ముందుగాల ఎల్లవ్వ కాళ్ళు పట్టుకో."

పట్టుకున్నాను. అత్తమ్మ కూడా పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"అవ్వా, నన్ను చూసినవు గదా, మరి ఎందుకు చెప్పలే?" అన్నాను తలెత్తకుండా.

"నేను చెప్తె నీ కాపురం పోతుండె. నువ్వు చెప్తె నిలుస్తది," అంది ఎల్లవ్వ. నేను కరిగిపోయి, "నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె అవ్వా, ఏం చేసి తేవాలె చెప్పు," అన్నాను.

ఎల్లవ్వ గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది. "వద్దు బిడ్డా, నీకు పున్నెముంటది! నాకేం చేసి తేకు!"

కాబట్టి, నన్ను ఇంతదాకా భరించిన మీ అందరి సాక్షిగా, నేను చేసుకున్న ప్రతిజ్ఞ ఇది. ఈ జన్మలో కళ్ళూ ముక్కూ ఉన్న ఏ ఆకారాన్నీ పొయ్యి మీద పెట్టను. నోటితో చెప్పాల్సిన క్షమాపణను పిండితో చెప్పించను. ఇప్పుడు లావణ్య బిస్కెట్లు పర్వత్ పాటియా దాకా అమ్ముడవుతాయి. చేయడం, పూత వేయడం ఆమె పని. ఇళ్ళకు చేర్చడం మాత్రమే నా పని. పట్టపగలు వెళ్తాను. తలుపు గట్టిగా కొడతాను. తెరిచిన మనిషి ఎదుటే నేనొకటి తిని చూపించి, ఇంకా నేను నేనే అని వాళ్ళకు నమ్మకం కుదిరాకే మెట్లు దిగుతాను.